ముట్టని మడమ

కొత్తగా డాక్టరీ చదివి పల్లెల్లో ప్రాక్టీసు పెట్టబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కలరా ఏళ్ల గురించి అడుగుతారు, పాముకాట్ల గురించి అడుగుతారు. మడమనొప్పి గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. దానితో ఎవరూ చావరు, దాన్ని తగ్గించిన డాక్టరుకు పేరూ రాదు. కానీ నా ఉద్యోగం మొత్తంలో నేను తలెత్తుకోలేని పని చేసింది కలరాలో కాదు, మడమనొప్పిలోనే. అందుకని ముందు దాని గురించే రాస్తున్నాను.

పంతొమ్మిది వందల నలభైలలో నేను పల్నాడులో ఒక జిల్లా బోర్డు ఆసుపత్రి డాక్టరుని. ఊరి పేరు రాయను. గురజాల, రెంటచింతల దారుల్లో తిరిగినవాళ్లు పోల్చుకుంటే పోల్చుకోనీ. ఎల్.ఎం.పి. అనే చిన్న డాక్టరీ చదివినవాణ్ణి. చదువు కొంచెం, దాని మీద నమ్మకం చాలా. ఈ రెండూ కలిసి ఒక మనిషిలో ఉంటే ఆ ఊరికి ప్రమాదం.

రాయి

మా ప్రాంతమంతా రాయే. ఇంటి అరుగు నాపరాయి, బడి నేల నాపరాయి, ఆసుపత్రి వరండా నాపరాయి. రోడ్డు కంకర. ఎండాకాలంలో రెంటచింతల వైపు ఆ రాయి మీద కాలు మోపితే బొబ్బలెక్కేది. ఎక్కువమందికి చెప్పులు ఉండేవి కావు. ఉన్నవాళ్లకు కిర్రు చెప్పులు, వాటికీ రాయికీ పెద్ద తేడా లేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర గంపలు మోసేవాళ్లు, మైళ్ల దూరం నీళ్లు మోసే ఆడవాళ్లు, కచేరీ గుమ్మంలో నిలబడే జవాన్లు, అందరూ ఏదో ఒకనాటికి మడమ పట్టుకొని వచ్చేవాళ్లే.

జబ్బు తీరు ఎప్పుడూ ఒకటే. నిద్ర లేచి మొదటి అడుగు వేసేటప్పుడు ప్రాణం పోతుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. ఎక్కువసేపు నిలబడితే మళ్లీ తిరగబెడుతుంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా గట్టి పట్టీలాంటి పొర ఒకటి ఉంటుంది. అది మడమ ఎముకకు అతుక్కున్న చోట, లోపలి అంచున, బొటనవేలితో నొక్కితే రోగి ఎగిరిపడతాడు. అదే పరీక్ష. దానికి యంత్రం అక్కర్లేదు. డాక్టరు వంగాలి, అంతే.

ఇళ్లలో ఇటుక కాల్చి, దానిమీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టుకునేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. కాపడం సంగతి ఎలా ఉన్నా, ఆ కాసేపైనా వాళ్లు కూర్చునేవాళ్లు. చురకలు పెట్టేవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ కోపమే. కాలిన పుండు నొప్పిలో మడమనొప్పి మరుగున పడిపోతుంది. దాన్నే నయం కావడం అనుకునేవాళ్లు.

నేను చేసినదాని ముందు ఆ చురక నయం.

పెద్దాయన పాఠం

నా పైఅధికారి ఒకాయన ఉండేవాడు. చేయి తిరిగిన సర్జను, నోరు తిరిగిన మనిషి. కీళ్లనొప్పి అంటే పళ్లు పీకించేవాడు. పళ్ల కింద దాగిన చీము ఒళ్లంతా పాకుతుందని అప్పటి వాదం. పళ్లూ పోయి నొప్పీ మిగిలినవాళ్లను చాలామందిని చూశాను. మడమనొప్పికి ఆయన దగ్గర ఇంకో పాఠం ఉండేది.

"మగాడు మడమనొప్పి అంటే ముందు పంచె కింద సంగతి అడగవోయ్. తర్వాత మడమ సంగతి" అనేవాడు.

ఆడవాళ్ల సాంగత్యంతో అంటుకునే రోగం ఉంది కదా, మా వైపు సెగ అంటారు, మడమనొప్పి దాని గుర్తు అని ఆయన నమ్మకం. ఆయన ఒక్కడిదే కాదు, అప్పటి పుస్తకాల్లోనూ ఉంది. అసలు ఉండదని నేను అనడం లేదు. కుర్రవాడికి మూత్రంలో మంట ఉండి, కళ్లు ఎర్రబడి, రెండు మడమలూ వాస్తే ఆ ఆలోచన చేయాల్సిందే. అరుదుగా ఉండేదాన్ని అందరికీ అంటగట్టడం మా తప్పు. అందులో ఒక సుఖం కూడా ఉంది. రోగిని దోషి అనేస్తే డాక్టరు ఇంకేమీ వెతకనక్కర్లేదు.

వరండా చివరి బల్ల

మా ఆసుపత్రి వరండా చివర, బజారు వైపు, ఒక పొట్టి బల్ల ఉండేది. సెగరోగులు అక్కడ కూర్చోవాలని నియమం. ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే ఉంది. సంత రోజున దాని మీద ఎవరు కూర్చున్నారో ఊరంతా చూసేది. తీసేయమని నేను ఒక్కసారీ అనలేదు.

యుద్ధం సాగుతున్న రోజుల్లో దేవదానం మాస్టారు వచ్చాడు. పక్క పల్లెలో క్రైస్తవుల బడిలో పంతులు. ముప్పై దాటని వయసు, పెళ్లయి ఎంతో కాలం కాలేదు. తాతల నాటి నుంచి ఊరు దూరంగా పెట్టిన వాడలో పుట్టి, కష్టపడి చదువుకున్నవాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచి, రాతి వరండా మీద కుంటుతూ నా కుర్చీ ముందుకు వచ్చాడు.

"పొద్దున లేచి మొదటి అడుగు ఎయ్యలేకపోతున్నానండీ. మేకు మీద కాలు పెట్టినట్టుంటది" అన్నాడు.

"రెండు కాళ్లా?"

"ఎడమదేనండీ. చానా నెలలాయె. కాస్త నడిస్తే సర్దుకుంటది. బడి వదిలేసరికి మళ్లా నిలబడలేను."

ఇంకేం కావాలి? జబ్బు మొత్తం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాపరాయి మీద నిలబడి పాఠం చెప్పే మనిషి. బడి గుమ్మం దగ్గర చెప్పులు తీసేస్తాడు, గౌరవం కోసం. ఊరి బజారులో నడిస్తే చెప్పులు చేత్తో పట్టుకుంటాడు, భయం కొద్దీ. ఇవేవీ నేను అడగలేదు.

నేను కాలి వైపు చూడగానే ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు. పెద్దవాళ్ల ముందు కాలు చాపడం మర్యాద కాదని. నాకూ అదే కావాలి. నేను పుట్టిన ఇంట్లో ఆ వాడవాళ్లను ముట్టుకుంటే స్నానం చేయాలి. ఛాతీ చూసేటప్పుడు మధ్యలో స్టెతస్కోపు ఉంటుంది, నాడి చూసి చేయి కడుక్కోవచ్చు, అలా సర్దుకున్నాను. కాలు పట్టుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. ఆయన మర్యాదా నా మడీ కలిసి ఆ మడమను దాచేశాయి. నేను కుర్చీలోంచి వంగలేదు.

"మూత్రంలో మంట ఉందా?" అన్నాను.

"లేదండీ."

"ఎక్కడికైనా పోయావా?"

ఊళ్లో మిగతా పంతుళ్లను గారు అనేవాణ్ణి, ఆయన్ని నువ్వు అన్నాను. నా ప్రశ్న అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం నల్లబడింది.

"దేవుడి సాక్షిగా లేదండీ. ఇంట్లో భార్య ఉందండీ నాకు."

"భార్య ఉన్నవాళ్లే వస్తారయ్యా ఇక్కడికి."

అది హాస్యం అనుకున్నాను. సెగకు చేసినట్టే పర్మాంగనేటు నీళ్లతో కడగమని, సల్ఫా బిళ్లలు ఇవ్వమని కాంపౌండరు మస్తాన్ సాహెబుకు చెప్పాను. మస్తాన్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"పంతులుగారిని గూడా ఆ బల్ల మీదే కూర్చోబెట్టమంటారా అయ్యగారూ?"

"రోగానికి కులమేంది, ఉద్యోగమేంది? అందరూ సమానమే" అన్నాను.

చూడండి, సమానత్వం నాకు ఎక్కడ గుర్తొచ్చిందో. గుంటూరు పంపి పరీక్ష చేయించవచ్చు, ఆ ఆలోచనే రాలేదు. పైగా ఆ యుద్ధం రోజుల్లో సల్ఫా బిళ్లలు దొరకడమే గగనం, నేను ఉదారంగా ఇస్తున్నాననుకున్నాను. ఆవాళ సంత.

ఊరి నోరు

నేను చెప్పినన్నాళ్లూ ఆయన వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నాడు. నొప్పి పోవాలి, బడి పోకూడదు, అంతే ఆయన బాధ. మడమ తగ్గలేదు, మాట మాత్రం ఊళ్లు దాటింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నిప్పు లేకుండా పొగ పెట్టినవాణ్ణి నేను కుర్చీలో కూర్చొని ఉండగానే అన్నారు.

ఆయన భార్య శాంతమ్మ బెల్లంకొండలో పుట్టింటికి వెళ్లిపోయింది. ప్రార్థనలో ఆయన పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చున్నారు. బడి పెద్దలు తీసేయలేదు గానీ, ఆడపిల్లల తరగతి మాన్పించారు. ఇవన్నీ మస్తాన్ చెబితే విన్నాను. విని, "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఈనాటికీ అన్నం తింటున్నాను.

నా మడమ

ఆ తరువాతి ఏడు నా సైకిలు టైర్లు అరిగిపోయాయి. యుద్ధకాలం, కొత్తవి దొరకవు. కలరా సూదులు వేయడానికి పల్లెలన్నీ నడిచి తిరిగాను. ఒక పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మేకు మీద కాలు పెట్టినట్టు. ఆ మాట ఎవరిదో వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రానట్టు నటించాను, అదీ నాలో నేనే.

పనిమీద పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి సంగతి చెప్పాను. చుట్టూ నలుగురు ఉన్నారు.

"ఏమోయ్, పల్నాడు నీళ్లు బాగానే పడ్డట్టున్నాయే. మీ ఆవిడ పుట్టింటికి వెళ్లిందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లేదండీ అని చెప్పబోయి ఆగాను. లేదండీ అంటే ఎవరు నమ్ముతారు? ఆ మాట నా ముందు ఒకాయన దేవుడి సాక్షిగా చెప్పాడు, నేను నమ్మానా?

ఇంటికి వచ్చి నా మడమ నేనే నొక్కి చూసుకున్నాను. ఆ చోటు అప్పుడు తెలిసింది. గుంటూరులో తెలిసినవాళ్ల చేత ఎక్స్‌రే తీయిస్తే రెండు మడమల కిందా ముల్లులాంటి ఎముక కనిపించింది. నొప్పి మాత్రం ఒకదానిలోనే. కాబట్టి ముల్లును నిందించకండి. బిళ్లలను నమ్ముకోకండి. నాకు పనిచేసినవి చెబుతాను. రాతి మీద ఉత్తకాళ్లతో నిలబడడం మానాను. మడమ కింద మెత్త ఉన్న చెప్పులు ఇంట్లో కూడా వేసుకున్నాను. మంచం దిగేముందు కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి అరికాలు సాగదీసేవాణ్ణి. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు అదిమి, పిక్క సాగేలా నిలబడేవాణ్ణి. తగ్గడానికి నెలలు పట్టింది. రోగికి ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. చెప్పకపోతే వాడు చురకలవాడి దగ్గరికి పోతాడు, తప్పు మీది.

బెల్లంకొండ

బడి వదిలే వేళకు దేవదానం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఇంకా కుంటుతున్నాడు. నేను పొరబడ్డానని, అది సెగ కాదని చెప్పాను. అరికాలు సాగదీయడం నా కాలితో చేసి చూపించాను. ఆయన కాలు అప్పుడు కూడా ముట్టుకోలేదు. మడమ కింద కంబళి ముక్క పెట్టి చెప్పులు కుట్టించుకోమన్నాను, ఎక్కడా తీయవద్దన్నాను.

"బడిలో ఏసుకుంటానండీ. మీ ఊరి బజారులో చెప్పులేసుకొని నడిస్తే మీరు నా ఎంట వస్తారా?" అన్నాడు.

వెంటనే ఆయనే మాట మార్చాడు.

"కాలి సంగతి పోనీయండి. శాంతమ్మకు చెప్పండి. నేను చెబితే నమ్మదు. మీరు చెప్పిన మాటకు పోయింది, మీరు చెబితేనే వస్తది."

వెళ్లాను. దారి పొడుగునా ఒకే మాట వల్లెవేసుకున్నాను. తప్పు నాది, ఆయనకు ఆ రోగం ఎప్పుడూ లేదు. శాంతమ్మ తండ్రి ఏలియా ముసలాయన. నులకమంచం వాల్చి దుప్పటి పరిచాడు. చూస్తుండగానే వాడలోని జనం గుమిగూడారు. శాంతమ్మ గుమ్మంలో నిలబడింది.

"మీరింత దూరం వచ్చారంటే ఏదో ఉంది. చెప్పండయ్యా" అన్నాడు ఏలియా.

నా నోట వచ్చిన మాట ఇది. "ఇక భయం లేదు. పూర్తిగా నయమైంది."

"దేవునికి స్తోత్రం" అన్నాడు ముసలాయన.

"అయితే ఉన్నమాట నిజమేనన్నమాట" అంది శాంతమ్మ.

నేను మాట్లాడలేదు.

డాక్టరు తప్పు చేశాడని తెలిస్తే రేపు కలరా సూదికి ఎవరు చేయి చాపుతారు, ఊరి మేలు కోసమే ఊరుకున్నాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ వాడలో, ఆ జనం ముందు, తప్పయిందని అనడానికి నాకు నోరు రాలేదు. అదే మా వీధిలోవాళ్ల ముందు అయితే అనేవాణ్ణేమో. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలు కడుక్కోకుండా వాళ్లింట్లోకి నడిచాను.

శాంతమ్మ తిరిగి వచ్చింది. ప్రార్థనలో లేచి నిలబడి, నా భర్తను క్షమించానని పదిమంది ముందు చెప్పిందట. మర్నాడు దేవదానం మాస్టారు ఆసుపత్రికి వచ్చాడు.

"ఏం చెప్పారండీ అక్కడ?"

చెప్పాను. మళ్లీ వెళ్లి అసలు సంగతి చెబుతానని కూడా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడొద్దండీ. క్షమించానని అందరిలో చెప్పుకుంది. క్షమించటానికి ఏమీ లేదని ఇప్పుడు మీరొచ్చి చెబితే, నన్ను ఇడిచిపోయిన పాపం ఆమె నెత్తిన పడుద్ది. నాకు ఎట్టాగూ అలవాటైంది. ఉండనీయండి."

నాకు సంతోషం వేసింది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ఆ మనిషి తన పరువు వదులుకుంటుంటే, బతికాను అనుకున్నాను.

ఆమె మడమ

స్వతంత్రం వచ్చింది. ఆసుపత్రి గోడలకు సున్నం వేశారు. బల్ల అక్కడే ఉంది.

ఒక పొద్దున జనం మధ్య నుంచి చూస్తే, ఆ బల్ల మీద ఒక ఆడమనిషి తలవంచుకొని కూర్చొని ఉంది. ఆడవాళ్లను అక్కడ ఎవరూ కూర్చోబెట్టరు. దగ్గరికి వెళ్లి చూశాను, శాంతమ్మ. తనంతట తానే వెళ్లి కూర్చుంది. గేటు బయట, అటు తిరిగి, దేవదానం మాస్టారు నిలబడి ఉన్నాడు. బజారు మీదుగా వచ్చారు కాబట్టి చెప్పులు చేతిలో ఉన్నాయి, నేను చెప్పిన కంబళి చెప్పులు.

"ఏమమ్మా, ఇక్కడ కూర్చున్నావేం?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"పొద్దున లేచి కాలు కింద పెట్టలేకపోతున్నానయ్యా. మడమ. ఆయనకు చెప్పలేదు, జొరమని చెప్పి వచ్చా. ఆయన దగ్గర్నించి నాకూ అంటుకుందాండీ? ఎన్నాళ్లు బతుకుతానో చెప్పండి, పిల్లది చిన్నది."

ముక్కాలిపీట తెప్పించుకొని ఆమె ముందు కూర్చున్నాను. కాలు ఇవ్వమన్నాను. ఆమె లాక్కుంది. నేనే వంగి ఆమె పాదం చేతుల్లోకి తీసుకొని నా ఒళ్లో పెట్టుకున్నాను. మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కితే ఆమె బల్ల మీద ఎగిరిపడింది.

"ఇది రాతి మీద తిరిగితే వచ్చే నొప్పి, అమ్మా. ఎవరి నుంచీ రాదు. దీనితో ఎవరూ చావరు."

ఆమె ముఖం తేటపడింది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూ మధ్యలో ఆగింది.

"మరి ఆయనది?"

చెప్పవద్దని ఆయన అన్న మాట గుర్తుంది. కానీ ఆ పాదం చేతిలో పెట్టుకొని ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"ఇదేనమ్మా. ఆయనకూ ఇదే. ఆ రోగం ఆయనకు ఎప్పుడూ లేదు."

ఆమె నా చేతుల వైపు చూసింది. "ఆయన కాలు గూడా ఇట్టా పట్టుకొని చూశారా, ఆ రోజు?"

"లేదమ్మా. ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే చెప్పారా?"

ఆమె నా ఒళ్లోంచి పాదం మెల్లగా తీసుకుంది.

"నేను ఆయన్ని క్షమించానని నలుగురిలో నిలబడి చెప్పుకున్నానయ్యా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆమె కుంటుకుంటూ గేటు దాకా వెళ్లింది. ఆయనతో ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. ఆమె ఆయన చేతిలోని చెప్పులు తీసుకొని ఆయన కాళ్ల ముందు పెట్టింది. ఆయన వాటిని కాలితో ఆమె వైపు జరిపాడు. ఆమె వేసుకుంది. తనకు పెద్దవైన ఆ చెప్పులతో ఆమె, ఉత్తకాళ్లతో ఆయన, నడి బజారులోకి నడిచారు. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి.

వెంట వస్తారా అని ఆయన నన్ను అడిగిన బజారు అదే. నేను గేటు దాకా కూడా పోలేదు.